ఒక ప్రశ్నకు ఏడు పేజీలు: సెర్చ్‌లో వెనకబడిన ఒక సైట్ కేస్ స్టడీ

"గూగుల్ మా సైట్‌కు పెనాల్టీ వేసిందండీ. అది ఎలా తీయించాలో చెప్పండి చాలు." మొదటి ఫోన్‌లో ఆ సైట్ నడిపే ఆవిడ అన్న మాట ఇదే.

ఇంట్లో వాడే యంత్రాలు మొరాయిస్తే ఏం చూడాలి, ఏది మనమే సరిచేసుకోవచ్చు, ఎక్కడ ఆగి మెకానిక్‌ను పిలవాలి అని చెప్పే సైట్ అది. వాషింగ్ మెషిన్, ఫ్రిజ్, డిష్‌వాషర్, వాటర్ హీటర్, ఇలా 8 రకాల పరికరాలు. నడిపేది ముగ్గురు. రాసేది ఏళ్ల తరబడి ఆ యంత్రాలను విప్పి బిగించిన మెకానిక్ ఒకాయన. ఈ పని ఒప్పుకునే ముందు ఆయన రాసినవి ఓ పది చదివాను. ఏ స్క్రూ ముందు విప్పాలి, విప్పేటప్పుడు కింద గుడ్డ ఎందుకు పరవాలి, ఎక్కడ కరెంటు తీసేయకపోతే ప్రాణం మీదికి వస్తుంది, అన్నీ ఉన్నాయి. ఇలాంటి పేజీలు సెర్చ్ ఫలితాల్లో మూడో పేజీలో మగ్గడం నాకు బాధ కలిగించింది. అందుకే ఒప్పుకున్నాను.

కథ మామూలుగానే మొదలైంది. సైట్‌కు కొత్త డిజైన్ చేయించారు. తర్వాతి ఐదు నెలల్లో సెర్చ్ నుంచి వచ్చే క్లిక్కులు సగానికి పడిపోయాయి.

పెనాల్టీ అన్న అనుమానాన్ని తీర్చుకోవడానికి రెండు నిమిషాలు చాలు. సెర్చ్ కన్సోల్‌లో, అంటే తమ సైట్ సెర్చ్‌లో ఎలా ఉందో యజమానులకు గూగుల్ చూపించే చోట, మాన్యువల్ యాక్షన్స్ అనే పేజీ ఉంటుంది. గూగుల్ మనుషులు మన సైట్‌ను చూసి చర్య తీసుకుంటే అక్కడ రాసి ఉంటుంది. తెరిచి చూశాం, ఏమీ లేదు. పక్కనే ఉన్న సెక్యూరిటీ ఇష్యూస్ పేజీ కూడా ఖాళీ. ర్యాంకింగ్ పడిపోవడం వేరు, పెనాల్టీ వేరు అని ఆవిడకు నచ్చజెప్పడానికి మాత్రం ఒక పూట పట్టింది. అది వృథా అని నేను అనుకోను. పెనాల్టీ అనుకున్నంతకాలం ఎవరి కాళ్లు పట్టుకోవాలా అని చూస్తారు గానీ సొంత పేజీల వైపు చూడరు.

తర్వాత పెర్ఫార్మెన్స్ రిపోర్ట్. ఇందులో 16 నెలల వివరాలు మాత్రమే నిలవ ఉంటాయి. పాతవి పోకముందే దించి పెట్టుకోవడం నా మొదటి పని, ఏ సైట్‌కైనా. క్లిక్కులు సగమయ్యాయి, నిజమే. కానీ ఇంప్రెషన్లు తగ్గలేదు, పైగా కొంచెం పెరిగాయి. అంటే సైట్ ఫలితాల్లో కనిపిస్తోంది, కానీ జనం నొక్కడం లేదు. సగటు పొజిషన్ గీత చూస్తే పెద్ద తేడా లేదు. అందుకే సైట్ మొత్తానికి కలిపి చూపించే సగటును నేను నమ్మను. ఎవరూ నొక్కని వంద పేజీలు కొత్తగా వచ్చి చేరితే, బాగా నడిచే పది పేజీలు కిందికి జారిన సంగతి ఆ గీతలో కనపడదు.

అందుకని ఒక్క ప్రశ్నను పట్టుకున్నాను. ఒకప్పుడు ఈ సైట్‌కు అన్నిటికన్నా ఎక్కువ మందిని తెచ్చిన ప్రశ్న: "వాషింగ్ మెషిన్ నీళ్లు బయటకు పోవడం లేదు".

ఆ ప్రశ్నను ఫిల్టర్‌లో పెట్టి పేజీల ట్యాబ్ తెరిచాను. ఏడు యూఆర్ఎల్స్, అంటే ఏడు పేజీల అడ్రస్‌లు, వచ్చాయి. ఒకటి మెకానిక్ గారు నాలుగేళ్ల కిందట రాసిన అసలు వ్యాసం. రెండోది అదే విషయం మీద కొత్త డిజైన్ సమయంలో రాయించిన చిన్న వ్యాసం. మూడోది ఒక కంపెనీ మోడల్ కోసం అదే వ్యాసాన్ని పేరు మార్చి పెట్టింది. నాలుగోది "నీళ్లు" అనే ట్యాగ్ పేజీ, అంటే ఆ గుర్తు తగిలించిన వ్యాసాల జాబితా. ఐదోది పాఠకుల ప్రశ్నల పేజీ. చివరి రెండూ ఫిల్టర్ పేజీలు, కంపెనీ, పరికరం, సమస్య ఎంచుకుంటే వచ్చేవి: ఒకే జాబితా, ఒకటి కొత్తవి ముందు వచ్చే వరుసలో, ఇంకోటి అక్షర క్రమంలో.

తేదీల వారీగా చూస్తే ఇంకా స్పష్టంగా తెలిసింది. ఒక వారం అసలు వ్యాసం కనిపిస్తుంది, మరుసటి వారం ట్యాగ్ పేజీ, ఆ పై వారం మోడల్ పేజీ. ఏదీ కుదురుగా నిలబడదు. ఒకే ఇంటి నుంచి ఏడుగురు ఒకే ఉద్యోగానికి దరఖాస్తు పెట్టినట్టు, గూగుల్ ఒకసారి ఒకర్ని పిలిచి మరోసారి ఇంకొకర్ని పిలుస్తోంది. బయటి సైట్లు ఇచ్చిన లింకులన్నీ అసలు వ్యాసానికే ఉన్నాయి. మన సైట్ మెనూలోని లింకులేమో కొత్త చిన్న వ్యాసానికి వెళ్తున్నాయి. ఇద్దరి బలమూ ఒక చోటికి చేరడం లేదు.

ఇంతవరకూ నేను ఊహించిందే. కానీ అసలు వ్యాసం అంత బాగుండి కూడా ఎందుకు గెలవడం లేదన్నది తేలలేదు. దానికి జవాబు సెర్చ్ కన్సోల్‌లోనే ఒక్కొక్క పేజీని పరీక్షించే యూఆర్ఎల్ ఇన్‌స్పెక్షన్‌లో దొరికింది.

మెకానిక్ గారి వ్యాసంలో నాలుగో మెట్టు నుంచి ఒక వాక్యం కాపీ చేసుకున్నాను: పంపు మూత విప్పే ముందు కింద వెడల్పాటి పళ్లెం పెట్టమని చెప్పే వాక్యం. ఇన్‌స్పెక్షన్‌లో వ్యూ క్రాల్డ్ పేజ్ నొక్కితే గూగుల్ చూసిన హెచ్‌టీఎంఎల్, అంటే పేజీ వెనక ఉండే కోడ్, వస్తుంది. అందులో ఆ వాక్యం కోసం వెతికాను. లేదు. "పళ్లెం" అనే మాట వెతికాను. లేదు. ఆఖరికి "పంపు" అని వెతికినా ఒక్కచోటే ఉంది, అదీ ముందుమాటలో.

డెవలపర్‌ను అడిగితే ఆశ్చర్యపోయాడు. తన కంప్యూటర్‌లో పేజీ అంతా కనిపిస్తోంది మరి. ఫోన్‌లో తెరవమన్నాను. డెస్క్‌టాప్‌లో వ్యాసం ఒకే పొడుగ్గా ఉంటుంది. ఫోన్‌లో చోటు తక్కువని మూడు ట్యాబులు చేశారు: లక్షణాలు, కారణాలు, మరమ్మతు. మొదటిది పేజీతో పాటే వస్తుంది. మిగతా రెండూ వేలు పెట్టి నొక్కినప్పుడు మాత్రమే సర్వర్ నుంచి దిగుతాయి. గూగుల్ తరఫున పేజీలు చదివే ప్రోగ్రామ్ గూగుల్‌బాట్ పేజీని తెరుస్తుంది, జావాస్క్రిప్ట్ నడుపుతుంది, కానీ ట్యాబులు నొక్కదు. పైగా గూగుల్ సైట్లను మొబైల్ రూపంలోనే చదివి ఇండెక్స్ చేస్తుంది, అంటే తన సెర్చ్ జాబితాలో చేర్చుకుంటుంది. 2016లో ప్రకటించిన ఈ మార్పును 2023 అక్టోబరులో పూర్తి చేసినట్టు చెప్పింది. అంటే ఐదు నెలలుగా గూగుల్‌కు తెలిసిన వ్యాసం లక్షణాల జాబితా మాత్రమే. మరమ్మతు ఎలా చేయాలన్నది, అంటే ఆ వ్యాసానికి ప్రాణం లాంటిది, దాని దృష్టిలో లేదు.

ఆ ముగ్గురూ రోజూ సైట్‌ను చూసేది డెస్క్‌టాప్‌లో. అందుకే ఎవరికీ తెలియలేదు. వాళ్లను తప్పు పట్టను, నేను కూడా ఆ వాక్యం వెతక్కపోతే ఇంకో రెండు వారాలు లింకుల చుట్టూ తిరిగేవాణ్ని.

పరిష్కారం పెద్దదేం కాదు. ట్యాబులు తీసేయాల్సిన పని లేదు. మూడు భాగాల రాతనూ మొదటే హెచ్‌టీఎంఎల్‌లో పంపి, కనిపించడం కనిపించకపోవడం మాత్రం నొక్కడం మీద ఆధారపడేలా చేస్తే చాలు. ట్యాబుల వెనక ఉన్నా సరే, హెచ్‌టీఎంఎల్‌లో ఉంటే గూగుల్ చదువుతుంది, లెక్కలోకి తీసుకుంటుంది.

ఇక్కడ ఒక నిర్ణయం తీసుకున్నాను, దాన్ని ఇప్పటికీ సరైనదే అనుకుంటున్నాను. సైట్ మొత్తం ఒకేసారి మార్చనివ్వలేదు. వాషింగ్ మెషిన్ విభాగం ముందు మార్చాం. ఫ్రిజ్ విభాగాన్ని నాలుగు వారాలు అలాగే ఉంచాం. ఆవిడకు అది నచ్చలేదు. "తప్పని తెలిసి కూడా ఎందుకండీ ఉంచడం?" అని గట్టిగానే అడిగారు. అన్నీ కలిపి మారిస్తే ఏది పనిచేసిందో రేపు ఎవరికీ తెలియదు, ఇంకోసారి డిజైన్ మార్చినప్పుడు మళ్లీ ఇదే గుంటలో పడతాం అన్నాను. ఒప్పుకున్నారు, మనసు లేకుండానే.

ఆ నాలుగు వారాల్లో లాగ్ ఫైళ్ల, అంటే సర్వర్‌కు ఎవరెవరు వచ్చారో రాసి ఉండే ఫైళ్ల, పని పెట్టుకున్నాను. సర్వర్ లాగులో గూగుల్‌బాట్ పేరుతో వచ్చినవన్నీ గూగుల్‌బాట్ కావు, ఆ పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు. వచ్చిన ఐపీ అడ్రస్ ఎవరిదో రివర్స్ డీఎన్ఎస్‌తో సరిచూస్తే నిజమైనది తేలుతుంది. వేరు చేశాక చూస్తే, గూగుల్ రాకపోకల్లో చాలా భాగం ఫిల్టర్ పేజీల మీదే ఖర్చవుతోంది. ఎందుకో లెక్క వేసి చూపించాను. 12 కంపెనీలు, 8 పరికరాలు, 15 సమస్యలు, 4 వరుస క్రమాలు. గుణిస్తే 5,760 పేజీలు. యూఆర్ఎల్‌లో కంపెనీ ముందొచ్చినా సమస్య ముందొచ్చినా పేజీ అదే కాబట్టి ఇంకెన్నో రెట్లు. రాసిన వ్యాసాలు మాత్రం 412. కొత్తగా సరిదిద్దిన వ్యాసం దగ్గరికి గూగుల్ రావడానికి వారాలు పట్టడంలో వింత లేదు.

గూగుల్‌కు మనం ఇచ్చే పేజీల జాబితా, సైట్‌మ్యాప్, కూడా ఇందుకు తోడైంది. అందులో ఫిల్టర్ పేజీలు ఉన్నాయి, పైగా ప్రతి పేజీకీ చివరిగా మార్చిన తేదీ అని రోజూ ఆ రోజు తేదీయే పడుతోంది. ఆ తేదీ నిజమని తేలితేనే గూగుల్ దాన్ని వాడుకుంటుంది. రోజూ అంతా మారిందని చెప్పే సైట్ మాట ఎవరు నమ్ముతారు? వ్యాసాలు మాత్రమే ఉంచి, నిజంగా రాత మారినప్పుడే తేదీ మారేలా చేయించాం.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్పాలి. ఫిల్టర్ పేజీలను వదిలించుకునే తొందరలో ఒకే రోజు రెండు పనులు చేయించాను. ప్రతి ఫిల్టర్ పేజీలో అసలు విభాగం పేజీని చూపే కెనానికల్ ట్యాగ్, అంటే అసలు పేజీ అదీ అని గూగుల్‌కు చెప్పే గుర్తు, పెట్టించాను. అదే రోజు గూగుల్‌బాట్ లాంటివి ఎక్కడికి రాకూడదో చెప్పే రోబోట్స్ ఫైల్‌లో ఆ యూఆర్ఎల్స్ అన్నిటికీ డిస్అలౌ రాయించాను. రెండు తాళాలు వేశాం కదా అని ధీమాగా ఉన్నాను. మూడు వారాలు గడిచినా అవి ఇండెక్స్ నుంచి కదల్లేదు. పైగా సెర్చ్ కన్సోల్‌లో "ఇండెక్స్‌డ్, దో బ్లాక్‌డ్ బై రోబోట్స్" అనే జాబితా, అంటే రావద్దన్నా ఇండెక్స్‌లో ఉన్నవాటిది, పెరుగుతూ పోయింది.

కారణం నాకు తెలియనిది కాదు, ఆ పూట గుర్తుకు రాలేదు. రోబోట్స్ ఫైల్ చెప్పేది "లోపలికి రావద్దు" అని మాత్రమే. ఇండెక్స్‌లో ఉంచవద్దు అని కాదు. లోపలికే రాకపోతే లోపల గోడకు అంటించిన కెనానికల్ కాగితాన్ని గూగుల్ ఎలా చదువుతుంది? నేనే తలుపు మూసి, లోపల ఉత్తరం పెట్టాను. ఇండెక్స్‌లో ఉంచవద్దని పేజీలోనే చెప్పే నోఇండెక్స్ పెట్టినా ఇదే గతి పట్టేది. నోఇండెక్స్‌ను రోబోట్స్ ఫైల్‌లోనే రాసే అలవాటు ఒకప్పుడు ఉండేది, 2019 సెప్టెంబరు నుంచి గూగుల్ దాన్ని పట్టించుకోవడం మానేసింది.

సరిదిద్దడానికి వరుస మార్చాం. ముందు డిస్అలౌ తీసేశాం. కెనానికల్ తీసి నోఇండెక్స్ పెట్టాం. కెనానికల్ అనేది సూచన మాత్రమే, గూగుల్ కాదనవచ్చు. నోఇండెక్స్ ఆదేశం, చదివాక పాటిస్తుంది. రెండూ ఒకే పేజీలో పెడితే పొంతన లేని మాటలు చెప్పినట్టవుతుంది కాబట్టి ఒకటే ఉంచాం. ఆ పేజీలు ఇండెక్స్ నుంచి పోయాయని చూసుకున్నాకే మళ్లీ డిస్అలౌ పెట్టాం. ఫిల్టర్లను లింకులుగా కాకుండా బటన్లుగా మార్చడం వల్ల కొత్తవి పుట్టడం కూడా ఆగింది. నా తప్పు వల్ల ఆ సైట్‌కు మూడు వారాలు పోయాయని ఆవిడకు రాతపూర్వకంగా చెప్పాను. ఆ వారాలకు డబ్బు తీసుకోలేదు.

ఈలోగా నాలుగు వారాల పోలిక చేతికొచ్చింది. వాషింగ్ మెషిన్ విభాగంలో ఎర్రర్ కోడ్‌లతో వెతికే ప్రశ్నలు తిరిగి రావడం మొదలైంది. యంత్రం తెర మీద వెలిగే ఆ రెండు మూడు అక్షరాలనే జనం వెతుకుతారు. కోడ్‌లన్నీ రెండో ట్యాబ్‌లో ఉండేవి, అందుకే ఐదు నెలలుగా ఆ ప్రశ్నలకు సైట్ కనిపించలేదు. ఫ్రిజ్ విభాగంలో కోడ్ ప్రశ్నలు అంతకుముందు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. ఆ రెండు గీతలను పక్కపక్కన పెట్టి పంపాక ఆవిడ ఇంకేమీ అడగలేదు. ఆ రోజే ఫ్రిజ్, మిగతా విభాగాలు కూడా మార్చేశాం.

మిగిలింది అసలు కష్టమైన పని: వ్యాసాలు కలపడం.

412 వ్యాసాలను ఒక షీట్‌లో పెట్టి, ఒక్కొక్క దాని పక్కన ఒకే ప్రశ్న రాశాం: ఇది చదవడానికి వచ్చినవాడికి ఏం కావాలి? ఒకే జవాబు వచ్చినవన్నీ ఒక గుంపు. నీళ్లు పోని సమస్య ఒక్కదానికే తొమ్మిది వ్యాసాలు తేలాయి. మోడల్ పేరు తప్ప తేడా లేనివి వాటిలో నాలుగు. వాటిని కాపాడుకోవాలని ఆవిడ పట్టుబట్టారు, ఒక్కొక్క మోడల్ పేరుతో వెతికేవాళ్లు ఉంటారు కదా అని. మెకానిక్ గారిని అడిగాను: "ఈ నాలుగు మోడళ్లకూ మరమ్మతు వేరేగా ఉంటుందా?" ఆయన కాసేపు ఆలోచించి, "మూడింటికి ఒకటే. నాలుగో దానికి ఫిల్టర్ ముందు వైపు ఉండదండీ, వెనక పలక విప్పాలి" అన్నారు. అంతే. మూడూ అసలు వ్యాసంలో కలిసిపోయాయి, నాలుగోది సొంత పేజీగా మిగిలింది. వెనక పలక విప్పే ఫోటోలు ఆయన కొత్తగా తీసిచ్చారు. ఏ సాఫ్ట్‌వేర్ చెప్పలేని జవాబు ఆయన ఒక్క వాక్యంలో చెప్పారు. ఆ తర్వాత ప్రతి గుంపుకూ ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాను.

ఏ యూఆర్ఎల్ ఉంచాలన్నదానికి కొలమానం: బయటి లింకులు దేనికి ఎక్కువ ఉన్నాయి, ఏది పాతది. రాత ఏది బాగుంది అన్నది కాదు, ఎందుకంటే బాగున్న రాతను ఏ యూఆర్ఎల్‌కైనా మార్చుకోవచ్చు, లింకులను అలా మార్చలేం. పోయిన ప్రతి పేజీకీ 301 రీడైరెక్ట్, అంటే పాత అడ్రస్‌కు వచ్చినవారిని కొత్త అడ్రస్‌కు శాశ్వతంగా పంపేది, దాని సరైన వారసుడికి మాత్రమే. డెవలపర్ అన్నిటినీ హోమ్ పేజీకి పంపేద్దామన్నాడు, తేలికని. పంపు గురించి వెతికి వచ్చినవాడు హోమ్ పేజీలో దిగితే వెనక్కి పోతాడు, గూగుల్ కూడా అలాంటి దాన్ని సాఫ్ట్ 404గా, అంటే ఉన్నట్టు కనిపించినా లేని పేజీగా, చూస్తుంది. సరైన వారసుడు లేనివాటికి నిజమైన 404, అంటే పేజీ లేదన్న జవాబు, ఇచ్చాం. లోపలి లింకులన్నీ రీడైరెక్ట్ మీదుగా కాకుండా నేరుగా కొత్త చోటికి మార్చాం. చివరికి 230 వ్యాసాలు మిగిలాయి. రీడైరెక్ట్‌లు కనీసం ఏడాది ఉంచమని గూగుల్ చెబుతుంది, మేం వాటిని తీసే ఆలోచన పెట్టుకోలేదు.

శీర్షికలు మార్చడం నాకు ఇష్టమైన భాగం. "డ్రెయిన్ పంప్ వైఫల్యం: నిర్ధారణ, పరిష్కారం" అని ఉండేది. నేలంతా తడిసి, డ్రమ్ములో మురికి నీళ్లు నిలిచి, బట్టలు అందులోనే నానుతున్న మనిషికి డ్రెయిన్ పంప్ అనే మాట తెలియదు. తెలిస్తే వెతకడు. "వాషింగ్ మెషిన్ నీళ్లు బయటకు పోవడం లేదా? ముందు ఈ ఫిల్టర్ చూడండి" అని మార్చాం. మొదటి పేరాలోనే కరెంటు తీయమన్న హెచ్చరిక, ఫిల్టర్ ఉండే చోటు, రెండు నిమిషాల్లో చేయగలిగిన పని. మిగతాది కిందికి.

వేగం గురించి ఎక్కువ చెప్పను. మొబైల్‌లో ఎల్‌సీపీ, అంటే పేజీలో అన్నిటికన్నా పెద్ద భాగం కనిపించడానికి పట్టే సమయం, గూగుల్ పెట్టిన 2.5 సెకన్ల గీత దాటి ఉంది. పైన వచ్చే పెద్ద బొమ్మకు కూడా లేజీ లోడింగ్, అంటే అవసరమైనప్పుడే ఆలస్యంగా దింపే పద్ధతి, పెట్టడమే కారణం, అది తీయిస్తే గీత లోపలికి వచ్చింది. నొక్కితే పేజీ ఎంత త్వరగా స్పందిస్తుందో కొలిచే ఐఎన్‌పీ (2024 మార్చిలో ఎఫ్ఐడీ అనే పాత కొలత స్థానంలో వచ్చింది) 200 మిల్లీసెకన్ల లోపే ఉంది కాబట్టి ముట్టుకోలేదు. దీనివల్ల ర్యాంకింగ్ పెరిగిందని నేను చెప్పను, చదివేవాళ్లకు హాయి అయింది.

చేయనివి కూడా చెప్పాలి. లింకులు అమ్ముతామని ఆవిడకు వారానికో ఉత్తరం వచ్చేది. వద్దన్నాను. 2012లో పెంగ్విన్ అనే గూగుల్ ర్యాంకింగ్ మార్పు వచ్చినప్పుడు కొన్న లింకుల మీద నిలబడ్డ సైట్లు కూలిపోయాయి, ఆ పద్ధతి ఇప్పటికీ స్పామ్ నియమాలకు విరుద్ధమే. ప్రతి మోడల్‌కూ ఏఐతో వేల పేజీలు రాయిద్దామన్న ఆలోచన కూడా వచ్చింది. 412ను 230 చేయడానికి ఇంత కష్టపడి, మళ్లీ అదే రోగం తెచ్చుకోవడం ఎందుకని ఆపాను. ర్యాంకుల కోసం కుప్పలుగా పేజీలు పుట్టించడాన్ని 2024 మార్చిలో గూగుల్ స్పామ్ విధానాల్లో విడిగా పేరు పెట్టి చేర్చింది కూడా. మెట్లన్నీ ఫలితాల్లోనే కనిపించేలా హౌ టూ మార్కప్ అనే కోడ్ పెట్టమని ఎవరో సలహా ఇచ్చారట. ఆ రకం ఫలితాలను గూగుల్ 2023 సెప్టెంబరులో తీసేసింది, సలహాలు మాత్రం ఇంకా తిరుగుతున్నాయి.

పని మొదలై ఏడు నెలలయ్యేసరికి క్లిక్కులు పాత స్థాయికి వచ్చాయి. నీళ్లు పోని ప్రశ్నకు ఇప్పుడు పేజీల ట్యాబ్‌లో ఒకే యూఆర్ఎల్ ఉంది, మొదటి మూడు స్థానాల్లో కుదురుగా. ఆ ఏడు నెలల మధ్యలో గూగుల్ ర్యాంకింగ్ మార్పులు కూడా వచ్చాయి కాబట్టి అంతా మా ఘనతే అని రాసుకోలేను. ట్యాబుల మార్పు పనిచేసిందని మాత్రం ఫ్రిజ్ విభాగంతో పోలిక వల్ల ధైర్యంగా చెప్పగలను. వ్యాసాలు కలపడం ఎంత ఇచ్చిందో విడదీసి చెప్పే ఆధారం నా దగ్గర లేదు, దానికి కూడా విభాగాల వారీగా ఎడం పెట్టి ఉండాల్సింది.

కొన్ని తిరిగి రాలేదు. "ఫ్రిజ్ ఎన్ని డిగ్రీల మీద పెట్టాలి" లాంటి ఒక్క ముక్కలో జవాబు ఉన్న ప్రశ్నలకు పొజిషన్ వచ్చింది గానీ క్లిక్కులు రాలేదు. జవాబు ఫలితాల పేజీలోనే కనిపిస్తే లోపలికి ఎవరూ రారు. వాటి మీద ఇక సమయం పెట్టవద్దని చెప్పాను. విప్పి చూడాల్సిన, ఫోటో చూసుకుంటూ చేయాల్సిన పనుల మీదే మెకానిక్ గారి కాలం వెచ్చించాలి.

"క్రాల్‌డ్, కరెంట్లీ నాట్ ఇండెక్స్‌డ్" జాబితాలో, అంటే గూగుల్ చదివి కూడా ఇండెక్స్‌లో చేర్చనివాటిలో, ఇంకా 14 వ్యాసాలున్నాయి. అన్నీ వాటర్ హీటర్‌వే. చదివితే తెలిసింది, వాటిని ఆయన రాయలేదు, కొత్త డిజైన్ సమయంలో బయటివాళ్లతో రాయించారు. ఇప్పుడు ఆయన పాత హీటర్ ఒకటి తెచ్చుకుని, విప్పుతూ, ఫోటోలు తీస్తూ, ఒక్కొక్కటే మళ్లీ రాస్తున్నారు. రెండు అయ్యాయి.